మేత ఎవరి కోసం?

చదివే ముందు

మూగజీవాలకు ఆహారం పెట్టడం పుణ్యమని మనలో చాలామంది నమ్ముతాం. అది అన్ని వేళలా మేలేనా? ఢిల్లీలో స్థిరపడిన ఒక తెలుగు ఉద్యోగిని తన అనుభవాల ద్వారా ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కున్న వ్యాసం ఇది. చదువుతూ, రచయిత్రి అభిప్రాయం ఎక్కడెక్కడ మారిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. పాఠం చివర అవి మీకు ఉపయోగపడతాయి.

మూలపాఠం

జనవరి నెల. తెల్లవారి ఆరున్నర దాటింది కాని ఢిల్లీలో ఇంకా వెలుగు రాలేదు. పొగమంచులో నాలుగు గజాల అవతల ఏముందో కనిపించడం లేదు. కాశ్మీరీ గేటుకు దగ్గరలో ఉన్న యమునా బజారు ఘాట్ మెట్ల మీద మేము ముగ్గురం నిలబడి ఉన్నాం: నేను, మా అబ్బాయి, కాకినాడ నుంచి వచ్చిన మా నాన్నగారు. ఎర్రకోట, కుతుబ్ మీనార్ ఆయన ఇదివరకే చూశారు. "ఈసారి మీకు పక్షులను చూపిస్తాను నాన్నగారూ" అని బయలుదేరదీశాను.

పడవ ఎక్కాం. పడవవాడు ముందుగానే మా చేతికి రెండు పొట్లాలు ఇచ్చాడు. విప్పి చూస్తే కారప్పూస. నది మధ్యకు వెళ్ళాక అతడు తెడ్డు ఆపి, గొంతు ఎత్తి "ఆఁ... ఆఁ... ఆఁ..." అని పిలిచాడు. మంచులో నుంచి ఒకటి, పది, వంద, తెల్లని పక్షులు అరుస్తూ వచ్చి పడవను చుట్టుముట్టాయి. గుప్పెడు కారప్పూస విసిరితే గాలిలోనే అందుకుంటున్నాయి. చుట్టూ మరో పది పడవలు. ఒక పడవలో కొత్తగా పెళ్ళి కుదిరిన జంట ఫోటోలు తీయించుకుంటున్నారు. పక్షుల రెక్కల గాలి ముఖానికి తగులుతుంటే నేనూ చిన్నపిల్లనైపోయాను. నా పొట్లం రెండు నిమిషాల్లో ఖాళీ అయింది.

నాన్నగారి పొట్లం మాత్రం విప్పలేదు. ఆయన పక్షులను తేరిపార చూసి అన్నారు: "ఇవి మన వైపూ వస్తాయి కదమ్మా! చలికాలంలో ఉప్పాడ దగ్గర పడవల వెంట తిరుగుతుంటాయి. చేపలు తినే పక్షికి కారప్పూస ఏమిటి?"

మా అబ్బాయి వెంటనే అందుకున్నాడు: "అమ్మా, మొన్న టీవీలో చూశాం కదా, సముద్రం అడుగుకు దిగి సొరచేపలకు చేపముక్కలు పెడుతున్నారు, జనం డబ్బిచ్చి చూస్తున్నారు. ఇదీ అదే కదా?"

నేను జవాబు చెప్పలేదు. నా చేతివేళ్ళకు అంటిన నూనెను రుమాలుతో తుడుచుకున్నాను.

మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు పక్షికో, కోతికో, చేపకో ఆహారం వేసి ఉంటారు. ఆ క్షణంలో కలిగే సంతోషం మీకు తెలుసు. ఆ సంతోషాన్ని నేను కాదనడం లేదు. అది నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ముందుగా చెబుతాను.

మా చిన్నప్పుడు సంక్రాంతి రోజుల్లో మా తాతయ్యగారు కొత్త వరి కంకులను కుచ్చులుగా అల్లి వసారా దూలానికి వేలాడగట్టేవారు. పిచ్చుకలు వచ్చి కంకులకు వేలాడుతూ గింజలు ఒలుచుకొని తినేవి. మా అమ్మ బియ్యప్పిండితో ముగ్గు వేసేది. "చీమలు తింటాయిలే" అనేది. పెద్దల తిథినాడు కాకికి పెట్టనిదే ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చునేవారు కాదు. ఈ అలవాట్ల మధ్య పెరిగిన నాకు, జీవికి ఆహారం పెట్టడం అంటే ప్రశ్నించవలసిన విషయం అనిపించలేదు.

2006లో ఉద్యోగరీత్యా ఢిల్లీ వచ్చాం. ఉత్తర ఢిల్లీలో, రిడ్జ్ అని పిలిచే పాత కొండ అడవికి దగ్గరలో అద్దెకు దిగాం. ఆ అడవి అంచున కోతుల గుంపులు ఉండేవి. మంగళవారం వస్తే ఆంజనేయస్వామి పేరు చెప్పుకొని జనం అరటిపండ్లు, శనగలు, రొట్టెలు తెచ్చి పెట్టేవారు. కార్లు ఆపి మరీ పెట్టేవారు. నేనూ వారానికి ఒక డజను అరటిపండ్లు కొనేదాన్ని.

ఆ మరుసటి సంవత్సరం, అంటే 2007లో, ఢిల్లీలో కోతుల సమస్య న్యాయస్థానం దాకా వెళ్ళింది. వీధుల్లో తిరిగే కోతులను పట్టి నగరం దక్షిణపు కొసన ఉన్న అసోలా భట్టి అభయారణ్యానికి తరలించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. అక్కడ వాటికి ప్రభుత్వమే పండ్లు, కూరగాయలు అందించే ఏర్పాటు జరిగింది. అదే ఏడాది అక్టోబరులో, కోతులను తరిమే ప్రయత్నంలో నగర ఉపమేయరు తన ఇంటి పై నుంచి పడి మరణించారు. ఆ వార్త చదివి చాలా బాధపడ్డాను. అయినా మరుసటి మంగళవారం అరటిపండ్లు కొన్నాను. ఆ వార్తకూ నా చేతిలోని సంచికీ సంబంధం ఉందని నాకు తోచలేదు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒక సెలవురోజు మధ్యాహ్నం బాల్కనీ గోడ మీదికి ఒక కోతి వచ్చి కూర్చుంది. వాడు భయపడలేదు. నా వెంట వచ్చి ఎన్నోసార్లు చూశాడు కదా! నేను చేసినట్లే చేయి చాచి, తాను తింటున్న అరటిపండు చూపించాడు. కోతి పండు లాక్కుంది. వాడు సగం పండు వదలకుండా పట్టుకున్నాడు. కోతి చేతిని కరిచింది.

ఆసుపత్రిలో గాయాన్ని సబ్బునీటితో చాలాసేపు కడిగారు. నెల రోజుల్లో నాలుగు విడతలుగా రేబీస్ టీకాలు వేయించాం. ఆ వరుసలో మాతోపాటు ఎందరో పిల్లలు. నాలుగో టీకా రోజున వాడు నన్ను అడిగాడు: "అమ్మా, నేనూ పెట్టానుగా, మరి అదెందుకు కరిచింది?"

ఆలోచించగా నాకు అర్థమైంది. అడవిలో బతకవలసిన జంతువుకు మనిషి చేయి అంటే ఆహారం అని నేర్పింది మేమే. ఒక చేయి పండు ఇస్తుంది, మరో చేయి ఇవ్వదు అనే తేడా కోతికి ఎలా తెలుస్తుంది? ఇవ్వని చేతి నుంచి లాక్కుంటుంది. నేను రోడ్డు పక్కన పండు పెట్టి ఇంటికి వచ్చేసేదాన్ని. ఆ పండు నేర్పిన పాఠం మాత్రం అక్కడే ఆగకుండా ఇంటింటికీ నడిచింది. ఒకనాడు నా ఇంటికే వచ్చింది.

శ్రీశైలం ఘాట్ రోడ్డులో వెళ్ళేటప్పుడు ఈ దృశ్యం మీరూ చూసి ఉంటారు. దట్టమైన నల్లమల అడవిలో ఆకులు, కాయలు ఉండగా, కోతులు తారు రోడ్డు పక్కన కూర్చొని కార్ల కోసం ఎదురు చూస్తుంటాయి. కారు అద్దంలో నుంచి బిస్కెట్ పడితే దానికోసం రోడ్డు మీదికి ఉరుకుతాయి. వెనుక వచ్చే లారీ ఆగదు.

ఇప్పుడు మళ్ళీ యమున ఒడ్డుకు రండి. పక్షి ఎవరినీ కరవదు, ఇంట్లోకి రాదు. మరి దానికి మేత వేస్తే నష్టం ఏమిటి?

ఆ పక్షులను ఇంగ్లీషులో గల్ అంటారు. ఢిల్లీ జనం 'సైబీరియా పక్షులు' అంటారు. నిజానికి వీటిలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి: నల్లతల గల్, గోధుమతల గల్. రెండో రకం లడఖ్, టిబెట్ వంటి ఎత్తైన పీఠభూముల్లోని సరస్సుల దగ్గర పిల్లలను పెంచి, చలికాలానికి కిందికి దిగి వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చి మార్చి నాటికి తిరుగు ప్రయాణం కడతాయి. చిన్న చేపలు, పురుగులు, నీటిలోని చిన్న ప్రాణులు వీటి సహజాహారం. అవసరమైతే మనుషులు పారేసినవీ తింటాయి. ఏది దొరికితే అది తినే స్వభావం వాటిది కాబట్టే కారప్పూస కూడా తింటున్నాయి. కాని శనగపిండి, నూనె, ఉప్పు, కారం కలిపి మనుషులు సరదాకు చేసుకున్న పదార్థం, హిమాలయాలు దాటవలసిన పక్షికి తగిన ఆహారం ఎలా అవుతుంది?

దీనికి పడవవాడి జవాబు నేను విన్నాను. మా అబ్బాయి ప్రశ్న అతనికి హిందీలో చెప్పినప్పుడు అతడు కోపగించుకోలేదు. తెడ్డుతో నీళ్ళను చూపించాడు. "దీదీ, ఈ నీళ్ళు చూడండి. ఇందులో చేప ఉంటుందా? మేము వేయకపోతే ఇవి ఏం తింటాయి? ఈ నాలుగు నెలలు ఇవి రాకపోతే మేము ఏం తింటాం? ఎండాకాలంలో నా పడవ ఎవరు ఎక్కుతారు?"

అతని మాట తేలికగా తీసివేయదగినది కాదు. యమున పొడవు సుమారు 1,376 కిలోమీటర్లు. అందులో ఢిల్లీలో వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు ఉన్న భాగం 22 కిలోమీటర్లు, అంటే రెండు శాతం కూడా లేదు. కాని నదిలో కలిసే మొత్తం కాలుష్యంలో నాలుగింట మూడు వంతులు ఈ కొద్దిపాటి దూరంలోనే కలుస్తున్నదని అంచనా. వజీరాబాద్ ఆనకట్ట దాటగానే నజఫ్‌గఢ్ కాలువ నగరపు మురుగును తెచ్చి నదిలో పోస్తుంది. మేము ఎక్కిన ఘాట్ దానికి దిగువన ఉంది. అక్కడి నుంచి నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు చాలా నెలల్లో సున్నాగా నమోదవుతుంది. ప్రాణవాయువు లేని నీటిలో చేప బతకదు.

పడవవాడు సరిగానే చెప్పాడు, అక్కడ చేప లేదు. అయితే పక్షికి రెక్కలున్నాయి. నోయిడాలో మా కార్యాలయానికి కొద్ది దూరంలోనే ఓఖ్లా పక్షుల అభయారణ్యం ఉంది. చెరువులు, బీళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఈ చోట తిండి లేకపోతే పక్షి మరో చోటికి వెళ్ళగలదు. పడవవాడు వెళ్ళలేడు. కారప్పూస మీద ఎక్కువగా ఆధారపడి ఉన్నది పక్షి కంటే ఆ మనిషే అని నాకు అప్పుడు తెలిసింది. అతనిది సంవత్సరానికి నాలుగు నెలల బతుకుతెరువు.

ఇంకొక సంగతి ఇంటికి వచ్చాక ఫోటోలు చూస్తున్నప్పుడు తెలిసింది. మంచు, ఉదయపు ఎరుపు, తెల్లని రెక్కలు. చూసిన వారందరూ "యమున ఎంత బాగుంది!" అన్నారు. ఫోటోలో వాసన రాదు. నలుపు కూడా అందంగానే కనిపించింది. ప్రాణం పోయిన నదికి మేము గుప్పెడు కారప్పూసతో ప్రాణం ఉన్నట్లు అలంకారం చేశాం. పక్షికి కలిగే నష్టం కంటే ఇదే పెద్ద నష్టమేమో! పక్షులు వస్తున్నాయి కదా, నదికి ఏమైంది అనుకుంటాం. అవి నది కోసం రావడం లేదని మరచిపోతాం.

ఇక మా అబ్బాయి అడిగిన సొరచేపల విషయం. ఆ ప్రశ్న వాడిని వదలలేదు, నన్నూ వదలలేదు. చదివిన కొద్దీ, ఇక్కడ కూడా ఒకే సమాధానం లేదని తెలిసింది. మూడు ఉదాహరణలు చూద్దాం.

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రం తన సముద్రజలాల్లో, నీటి అడుగుకు దిగినవారు సొరచేపలకూ ఇతర చేపలకూ మేత వేయడాన్ని 2002 జనవరి నుంచి నిషేధించింది. మనిషిని చూస్తే ఆహారం గుర్తుకు రావడం సొరకూ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు అనే వాదన దానికి ఆధారం. మా బాల్కనీలో జరిగిన సంఘటన తెలిసిన మీకు ఆ వాదన వేరుగా వివరించనక్కరలేదు.

పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దేశంలో మరో విధంగా జరిగింది. అక్కడ 2004లో ఒక పగడపు దిబ్బను సొరచేపల రక్షణ కోసం కేటాయించారు. ఆ దిబ్బ మీద చేపలు పట్టే సంప్రదాయ హక్కు ఉన్న గ్రామాలవారు అక్కడ వేట మానుకున్నారు. బదులుగా, సొరలను చూడడానికి దిగే ప్రతి యాత్రికుడూ చెల్లించే రుసుము ఆ గ్రామాలకు చేరుతుంది. అక్కడ సొరలకు మేత వేస్తారు. కాని ఆ డబ్బు వల్ల దిబ్బ మీద వేట ఆగింది. రెక్కల కోసం, మాంసం కోసం ప్రపంచంలో ఏటా కోట్ల సంఖ్యలో సొరచేపలను చంపుతున్నారని గుర్తుంచుకుంటే, ఇది చిన్న మేలు కాదు. సొరచేపల వల్ల చనిపోయే మనుషులనైతే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఫిలిప్పీన్స్ దేశంలో ఓస్లోబ్ అనే ఊరు ఉంది. అక్కడి జాలరులు 2011 ప్రాంతం నుంచి తిమింగల సొరలకు చిన్న రొయ్యలు వేసి యాత్రికులకు చూపిస్తున్నారు. తిమింగల సొర చేపలన్నిటిలోకీ పెద్దది. మనిషికి హాని చేయదు. ఊరికి డబ్బు వచ్చింది, ఆ చేప మీద ఊరివారికి ప్రేమా పెరిగింది. కాని వలస తిరగవలసిన సొరలలో కొన్ని అక్కడే ఎక్కువ కాలం ఉండిపోతున్నాయి. పడవల దగ్గరికి రావడం అలవాటై, వాటి శరీరాల మీద గాయాల మచ్చలు కనిపిస్తున్నాయి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మేత మంచిదా చెడ్డదా అనే ప్రశ్న కంటే ముందు అడగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయని నాకు అనిపించింది. ఒకటి: ఆ మేత ఆ జీవి సహజంగా తినేదేనా? రెండు: మేత వల్ల ఆ జీవి తన బతుకు తీరు మార్చుకుంటున్నదా? మూడు: దానివల్ల వచ్చే డబ్బు ఆ జీవి నివసించే చోటును కాపాడుతున్నదా?

మా తాతయ్యగారి వరి కుచ్చును ఈ ప్రశ్నలతో పరీక్షించి చూశాను. పిచ్చుక తినేది గింజే. పండుగ రోజుల కుచ్చు కోసం అది పొలానికి పోవడం మానలేదు. డబ్బు ప్రసక్తే లేదు. నా అరటిపండు రెండో ప్రశ్న దగ్గరే ఓడిపోయింది. ఫిజీ మేత మూడో ప్రశ్నకు గట్టిగా నిలబడుతుంది, రెండో ప్రశ్నకు జాగ్రత్తగా జవాబు చెప్పుకోవాలి. యమున మీది కారప్పూస మొదటి ప్రశ్నకే తడబడుతుంది. పడవవాడి ఇంటికి అన్నం పెడుతుంది కాని, అందులో ఒక్క పైసా కూడా నదిని చేరడం లేదు.

మేత వేయకుండా ప్రేమించడం సాధ్యమేనా అని మీరు అడగవచ్చు. మన దేశంలోనే ఒక జవాబు ఉంది. గుజరాత్ తీరంలో వేరావల్ ప్రాంతపు జాలరులు ఒకప్పుడు తిమింగల సొరలను నూనె కోసం, మాంసం కోసం వేటాడేవారు. 2001లో ప్రభుత్వం ఆ చేపకు చట్టరక్షణ కల్పించింది. చట్టం ఒక్కటే చాలలేదు. 2004లో ప్రచారం మొదలుపెట్టినప్పుడు, కథావాచకులు మొరారీ బాపూ ఆ చేపను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుతో పోల్చి చెప్పారు. దానికి 'వహాలీ' అని పేరు పెట్టారు. ముద్దుల బిడ్డ అని అర్థం. పుట్టింటికి వచ్చిన బిడ్డను ఎవరు చంపుతారు? ఆ తరువాత వలలో తిమింగల సొర చిక్కితే జాలరులు తమ వలను తామే కోసి వదిలివేయసాగారు. కోసిన వలకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ఇలా వందల సొరలు తిరిగి సముద్రంలోకి వెళ్ళాయి. అక్కడ ఎవరూ వాటికి మేత వేయలేదు. జాలరులకు నష్టం రాకుండా చూడాలని కూడా మరచిపోలేదు. నాకు ఈ రెండో మాటే ఎక్కువ ముఖ్యమనిపించింది.

మరుసటి చలికాలం మా అబ్బాయితో కలిసి మళ్ళీ ఆ ఘాట్‌కు వెళ్ళాను. అదే పడవవాడు. పొట్లాలు వద్దన్నాను, వాటి ధర మాత్రం కిరాయితో కలిపి ఇస్తానన్నాను. అతడు ఆశ్చర్యంగా చూసి, నవ్వి, తెడ్డు వేశాడు. పక్షులు ఒకటి రెండు సార్లు మా మీదుగా తిరిగి, చేతులు ఖాళీగా ఉండడం చూసి పక్క పడవల వైపు వెళ్ళిపోయాయి. నిజం చెప్పాలంటే నాకు కొంచెం వెలితిగానే ఉంది. చూడడానికి నీళ్ళు మాత్రమే మిగిలాయి. పడవవాడు తన తాత రోజుల్లో ఇక్కడ చేపలు పట్టేవారని, తాను చిన్నప్పుడు ఈ నీళ్ళే తాగానని చెప్పుకుంటూ పోయాడు. ఒడ్డుకు చేరేసరికి ఎండ వచ్చింది.

నా ఒక్క పొట్లం ఆగినందువల్ల యమున బాగుపడదని నాకు తెలుసు. పక్క పడవలో కారప్పూస విసురుతున్న పిల్లలను వద్దని చెప్పే ధైర్యమూ నాకు రాలేదు. వాళ్ళ ముఖాల్లో నిరుటి నా ముఖమే కనిపించింది. నదిలో మళ్ళీ చేప పుట్టే రోజు వస్తే ఆ పక్షులకు కారప్పూస అక్కరలేదు, ఆ పడవవాడికీ అక్కరలేదు. అందాకా చేయి చాచేముందు ఒక్క క్షణం ఆగి, ఈ మేత ఎవరి కోసం అని అడుగుతున్నాను. చాలాసార్లు నా కోసమే అని తేలుతుంది.

ఆలోచించండి – రాయండి

1. వరి కుచ్చుకూ అరటిపండుకూ రచయిత్రి చూపిన భేదం ఏమిటి? మీ మాటల్లో ఐదు వాక్యాల్లో రాయండి.

2. పడవవాడి వాదనలో మీకు న్యాయంగా తోచిన అంశం ఏది? దానికి రచయిత్రి ఇచ్చిన జవాబు మీకు సంతృప్తి కలిగించిందా? కారణాలు రాయండి.

3. మీ ఊళ్ళో గుడి కోనేటిలోని చేపలకో, కోతులకో, పావురాలకో మేత వేసే చోటు ఒకటి ఉండవచ్చు. రచయిత్రి అడిగిన మూడు ప్రశ్నలను అక్కడ అడిగి చూడండి. మీరు తెలుసుకున్నది ఒక పుటకు మించకుండా వ్యాసంగా రాయండి.